గుడ్డ ఎట్లు నిలుచును?

ఆటబొమ్మలు, పిల్లల దుస్తులు అమ్ము కొన్ని దుకాణములలో ఒక వింత అలంకారము కనబడును. పైకప్పు క్రింద రంగురంగుల గుడ్డలు పక్షి రెక్కలవలె, విచ్చిన పూరేకులవలె బిగువుగా నిలిచియుండును. కొనలయందు కొక్కెములు తప్ప వాటికి లోపల చట్రమేమియు లేదు. గుడ్డకు తనంతట తాను నిలుచు శక్తి లేదు గదా! మరి ఆ ఆకారము ఎట్లు నిలుచుచున్నది?

ముందు బట్టలారవేయు తాడును పరిశీలింతము. 4 మీటర్ల ఎడముగా నున్న రెండు మేకులకు తాడు కట్టి, నడుమ 1 కిలోగ్రాము బరువు వ్రేలాడదీయుదము. తాడు 10 సెంటీమీటర్లు క్రుంగినచో దానిలోని బిగువు సుమారు 10 కిలోగ్రాముల బరువునకు సమానము. 1 సెంటీమీటరు మాత్రమే క్రుంగవలెనన్నచో బిగువు 100 కిలోగ్రాములకు పెరుగును. అసలే క్రుంగరాదన్నచో ఎంత బలమును చాలదు. గుడ్డను బల్లపరుపుగా కట్టినను ఇదే చిక్కు. కొన్నాళ్లకు నడుమ జారును. ఇంకను లాగినచో కొక్కెము గోడనుండి ఊడివచ్చును.

దీనికి విరుగుడు గుడ్డను వంచి కట్టుటయే. నలుగురు విద్యార్థులు ఒక చేతిరుమాలు నాలుగు కొనలు పట్టుకొని, ఎదురెదురుగా నున్న ఇద్దరు చేతులెత్తి, తక్కిన ఇద్దరు దించవలెను. గుడ్డ గుర్రపు జీను ఆకారము పొందును. ఎత్తయిన కొనలను కలుపు దిశలో అది ఊయలవలె క్రిందికి వంగును. పల్లపు కొనలను కలుపు దిశలో విల్లువలె పైకి వంగును. పైనుండి బరువు పడినచో మొదటి దిశ మోయును. క్రిందినుండి గాలి ఎత్తినచో రెండవ దిశ పట్టి యాపును. ఒకదానినొకటి లాగుచుండుటచే గుడ్డ కుదురుగా నిలుచును.

జర్మను వాస్తుశిల్పి ఫ్రై ఒట్టో (1925–2015) ఈ సూత్రముతోనే 1955లో కాసెల్ నగరపు ఉద్యాన ప్రదర్శనలో సంగీత వేదికపై నాలుగు కొనల గుడ్డ పందిరి కట్టెను. తీగ చట్రములను సబ్బునీటిలో ముంచి, వాటిపై ఏర్పడు పొరలను చూచి ఆయన ఆకారములను వెదకెడివాడు. సబ్బుపొర ఆ చట్రములో సాధ్యమైనంత తక్కువ వైశాల్యమును తీసికొనును. దానిలో బిగువు అన్ని దిశలను సమానముగా నుండును.

ఆరుబయటి పందిరి గాలివానలకు తట్టుకొనవలెను గనుక అక్కడ పూత పూసిన గట్టి గుడ్డ కావలెను. దుకాణము లోపల ఆ బెడద లేదు. అందుచే నైలాను లేదా పాలియెస్టరు దారములతో ఎలాస్టేను పోగులు కలిపి అల్లిన పలుచని సాగుడు గుడ్డ చాలును. దాని వెనుక దీపముంచినచో వెలుగు మెత్తగా పరచుకొనును. పండుగ మారినపుడు విప్పి, మడిచి, మరియొక ఆకారమున కట్టవచ్చును.

అయితే ఈ పోగులు మంట తగిలినచో కరిగి, మండుచు బొట్లుగా రాలగలవు. కావున నిప్పును నిరోధించునట్లు తయారైన గుడ్డనే వాడవలెను. వేడెక్కు దీపములకు ఎడముగా కట్టవలెను. అగ్నిప్రమాదమున నీరు చిమ్ము గొట్టములకు అది అడ్డు రాకూడదు. ప్రతి కొక్కెముపై పడు లాగుడును ముందే లెక్కకట్టి, గోడ దానికి ఓర్చునో లేదో చూచుకొనవలెను. చూచుటకు ఆటవలె నున్నను కట్టుటలో లెక్క తప్పరాదు. దాని క్రింద తిరుగువారు పిల్లలు.