రెండు పనులకు ఒకే కారు: టైరు కొలత ఎంపిక

ఆటోక్రాస్ అనే పోటీ అమెరికాలో బాగా ప్రచారంలో ఉంది. విశాలమైన పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలిపి వంకర టింకర దారి ఏర్పరుస్తారు. కార్లు ఒకదాని తరువాత ఒకటి ఆ దారిలో వెళ్తాయి. ఎవరు తక్కువ సమయంలో ముగిస్తే వారిదే గెలుపు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమాల ప్రకారం, పడగొట్టిన ప్రతి కోన్‌కూ 2 సెకన్లు కలుపుతారు. ఆదివారం ఇలా పోటీపడినవారిలో చాలామంది సోమవారం అదే కారులో, అవే టైర్లతో ఆఫీసుకు వెళ్తారు. అందువల్ల వారు టైరును ఎలా ఎంచుకోవాలో పరిశీలిద్దాం.

1990 నాటి మాజ్డా మియాటా కారును ఉదాహరణగా తీసుకోండి. దీనికి కంపెనీ ఇచ్చిన టైరు 185/60 ఆర్ 14. ఇందులో 185 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 60 శాతమని అర్థం. 14 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. లెక్క ఇలా చేయాలి: 185లో 60 శాతం 111 మి.మీ. పైనా కిందా కలిపి 222. రిమ్ము 14 × 25.4 = 355.6. మొత్తం వ్యాసం 577.6 మి.మీ.

14 అంగుళాల రిమ్ముకు బాగా పట్టు ఇచ్చే టైర్లు అరుదు. 15 అంగుళాలకు ఎక్కువ దొరుకుతాయి. 195/50 ఆర్ 15 తీసుకుంటే వ్యాసం 576 మి.మీ.; పాతదానికీ దీనికీ తేడా లేనట్టే. 205/50 ఆర్ 15 అయితే 586. ఇక పొరపాటున 205/60 ఆర్ 15 కొన్నారనుకోండి, వ్యాసం 627 అవుతుంది. అంటే 8.5 శాతం ఎక్కువ. మొదట మీటరు సరిగ్గా చూపే కారైతే, ఇప్పుడది 100 చూపుతున్నప్పుడు అసలు వేగం 108 దాటి ఉంటుంది. పైగా చక్రం పెద్దదైన కొద్దీ కారు మందంగా ఊపందుకుంటుంది. ఎక్కువ భాగం రెండో గేరులోనే సాగే ఆటోక్రాస్‌లో ఇది పెద్ద నష్టమే.

వెడల్పు చూసి మురిసిపోయేవారు రిమ్ము సంగతి మరచిపోతుంటారు. ఈ మియాటా రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 195/50, 205/50 టైర్లు దానికి సరిపోతాయి. 225/45 ఆర్ 15కు కనీసం 7 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకు బిగిస్తే మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. వెడల్పు వల్ల రావలసిన లాభం రాదు. కొత్త రిమ్ములు కొందామంటే నియమం అడ్డువస్తుంది. స్ట్రీట్ తరగతిలో రిమ్ము వ్యాసం ఒక అంగుళం మార్చుకోవచ్చు గాని వెడల్పు మార్చకూడదు.

ఇప్పుడు సోమవారం సంగతి. అమెరికాలో టైరు మీద ట్రెడ్‌వేర్ అనే అంకె ముద్రిస్తారు. అది తక్కువైతే టైరు త్వరగా అరుగుతుంది. సాధారణంగా రబ్బరు మెత్తగా ఉండి పట్టు ఎక్కువగా ఉంటుంది. స్ట్రీట్ తరగతిలో అది 200కు తగ్గకూడదు. పోటీదారులు సరిగ్గా 200 వద్దే ఆగుతారు. అటువంటి టైర్లు గడ్డకట్టే చలిలో గట్టిపడి జారతాయి. అరిగాక వాన నీటిపై తేలడం మొదలవుతుంది. వెడల్పు ఎక్కువైతే ఈ ప్రమాదం ఇంకా ముందే వస్తుంది. పోటీలో జారితే కోన్ పడుతుంది, రోడ్డు మీద జారితే ఎదుట మనుషులుంటారు. కాబట్టి ఒకే జత రిమ్ములున్నవారికి 195/50 మేలని మా అభిప్రాయం. చలికాలానికి వేరే జత పెట్టుకోగలిగితే 205/50 వాడవచ్చు. ఏది కొన్నా దాని భార సూచిక కంపెనీ ఇచ్చిన టైరుకంటే తగ్గకుండా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మారుతి స్విఫ్ట్ కారులో రకాన్ని బట్టి 165/80 ఆర్ 14, 185/65 ఆర్ 15 టైర్లు వచ్చాయి. రెండింటి వ్యాసాలు లెక్కించండి. రిమ్ము అంగుళం పెరిగినా స్పీడోమీటరులో చెప్పుకోదగ్గ తేడా ఎందుకు రాదో రెండు వాక్యాలలో రాయండి.