పిలక గిల్లేముందు మొక్క రకం చూడండి

2023లో మా ఆత్రేయపురంలో రెండు సంగతులు అందరికీ గుర్తుండిపోయాయి. ఆ ఏడాది మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంబరం తీరకముందే, జూలైలో టమాటా ధర కొండెక్కి కూర్చుంది. మదనపల్లె మార్కెట్లోనే కిలో 150 రూపాయలు దాటిందంటే, మా సంతకు వచ్చేసరికి ఎంతయి ఉంటుందో మీరే ఊహించుకోండి. రైతుబజార్లలో ప్రభుత్వం కిలో 50కి అమ్మిస్తే వాటి కోసం బారులు తీరారు జనం. పొద్దస్తమానం పొయ్యి ముందు కూర్చుని రేకులు తీసే ఆడవాళ్లు ఆ ధర పెట్టి ఏం కొంటారు? ఆ తర్వాతే మా వీధిలో పెరట్లోనూ, డాబాల మీదా టమాటా మొక్కలు లేచాయి.

మొక్కలు వేయడం వరకూ అందరికీ చేతనైంది. చిక్కంతా పిలకలు గిల్లడం దగ్గర వచ్చింది.

మా పక్కింటి వదిన పూతరేకులు చుట్టే పనికి వెళ్తుంది. 8 మొక్కలు వేసి, బిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకుంది. నేను మా మొక్కలకి ఆకు చంకల్లోంచి వచ్చే పిలకలు గిల్లడం గోడ మీంచి చూసి, తనూ అన్నీ గిల్లేసింది. సంక్రాంతి వెళ్లాక వచ్చి, "మీ తీగ నిండా కాయలే వదినా, నావి చూడండి, 8 మొక్కలకీ కలిపి 2 కిలోలు కూడా రాలేదు" అని బావురుమంది. వెళ్లి చూద్దును కదా, ఆవిడ వేసింది పొద రకం! "నేను గిల్లింది తీగ రకానికి వదినా. దీనికి పిలకల మీదే కాపు" అన్నాను. ఆవిడ మొహం చూసి ఎందుకు చెప్పానా అనిపించింది. ఒక కాపు పోయింది మరి. సంతలో నారు అమ్మేవాళ్లు "టమాటా" అంటారే గానీ ఏ రకమో చెప్పరు. చాలామందికి తెలియదు కూడా.

అసలు సంగతి ఇదీ. తీగ రకం టమాటా కొస ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. కర్రో, తాడో ఆసరా ఇస్తే మనిషెత్తు దాటిపోతుంది. పొద రకం అలా కాదు. రెండున్నర, మూడు అడుగులు పెరిగి, కొసన పూల గుత్తి పెట్టుకుని ఆగిపోతుంది. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎవరూ కత్తిరించకుండానే తనంతట తాను పెరగడం ఆపేసిన టమాటా మొక్క ఒకటి కనిపించింది. ఆ గుణమే తర్వాత పొద రకాలకు మూలమైంది. తనను తానే కత్తిరించుకునే మొక్కకు మళ్లీ మనమూ కత్తిరింపులు వేస్తే ఇక మిగిలేదేమిటి?

పాకెట్ మీద పేరుంటే కొంత తేలిక. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా రూబీ తీగ రకం. చెర్రీ టమాటాల్లో చాలావరకు తీగలే. పూసా ఎర్లీ డ్వార్ఫ్ పొద రకం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క వికాస్, అర్క సౌరభ్ రెండింటికీ మధ్యరకం. అదే సంస్థ తెచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్. ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకుంటుంది. తడి ఎక్కువగా ఉండే మా కోనసీమ నేలల్లో మొక్క ఉన్నట్టుండి వాడి చచ్చేది ఎక్కువగా ఆ ఎండు తెగులుతోనే. హైబ్రిడ్ పండు విత్తనాలు దాచుకుని వేస్తే మాత్రం తల్లి పోలిక రాదు. విత్తనం కట్టుకోవాలంటే గాట్లు గాట్లుగా, పుల్లగా ఉండే మన నాటు టమాటాయే మేలు. మా అత్తగారు ఇప్పటికీ దాన్ని రామ్ములక్కాయ అనే అంటారు. పచ్చడికి అదే కావాలంటారు. తద్దినం వంటకు మాత్రం గుమ్మం లోపలికి రానివ్వరు!

పేరు తెలియకపోతే? మొక్కనే చూడండి. పూల గుత్తికీ గుత్తికీ మధ్య మూడేసి ఆకులు ఉండి, కొస ఎప్పుడు చూసినా లేత చిగురుతో ఉంటే తీగ. ఆకు ఒకటి రెండుకో గుత్తి వచ్చి, కొసన కూడా పూలే ఉంటే పొద. అది తేలేవరకూ గోళ్లు దాచుకోండి.

ఇక తీగ రకానికి గిల్లడం ఎలాగంటారా? కాండానికీ ఆకు కాడకూ మధ్య చంకలోంచి వచ్చేదే పిలక. అది 2 అంగుళాలు ఉన్నప్పుడే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పక్కకు వంచితే టుక్కున విరిగిపోతుంది. లావెక్కనిచ్చి లాగితే కాండం తోలు చీలుతుంది. అలాంటిదాన్ని కత్తెరతోనే తీయాలి. మొదటి పూల గుత్తికి సరిగ్గా కిందనుండే పిలక బలమైనది. దాన్ని రెండో కాండంగా ఉంచుకోండి. మిగతావి వారానికోసారి తీసేయండి. రెండు కాండాలు చాలు. ఒక్కటే ఉంచితే కాయ పెద్దదవుతుంది గానీ, లెక్కకు తగ్గుతాయి. ఇంటికి కావలసింది రోజూ నాలుగు కాయలే కదా!

పొద రకానికి మొదటి పూల గుత్తి కిందనున్న పిలకలు తీస్తే సరి. ఆ పైవాటి జోలికి వెళ్లకండి. మధ్యరకానికీ అంతే అనుకోండి, మరీ గుబురుగా ఉంటే ఒకటి రెండు తీయొచ్చు.

రకం ఏదైనా, నేలకు తగిలే అడుగు ఆకులు తీయాల్సిందే. వాన చినుకు పడి చిందిన మట్టితోనే మచ్చ తెగులు ఆకులకెక్కుతుంది. మొదళ్లో ఎండు కొబ్బరాకు ముక్కలు పరిచినా మట్టి చిందదు. గిల్లే పని మంచు ఆరిన తర్వాత, ఎండ పొద్దున పెట్టుకోవాలి. వాన తడిలో వద్దు. ఇంకో మాట. మా మామగారికి చుట్ట అలవాటు. ఆ చేత్తో టమాటా మొక్కను ముట్టుకోనివ్వను. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల మీదుగా టమాటాకు అంటుతుంది. సబ్బుతో కడుక్కుంటే గానీ పెరట్లోకి ప్రవేశం లేదు. ఈ ఒక్క విషయంలో ఆయన నా మాట వింటారు.

ఊతానికి సరుగుడు కర్ర పాతి, అరటి నారతో కడతాను. పీచుతాడు కాండాన్ని కోస్తుంది, నార మెత్తన. కర్రకూ కాండానికీ మధ్య ఒక మెలిక వేసి వదులుగా కట్టాలి. మా ప్రాంతంలో అరటికేం తక్కువ!

అన్నిటికంటే ముఖ్యం అదను. మేము దసరాకి విత్తనం చల్లి, పాతిక రోజుల నారు కార్తీకంలో నాటుతాం. అప్పటికి గోదారి వరదలు తగ్గి ఉంటాయి. తుపాను వానలొస్తే ఆగుతాం. సంక్రాంతి దాటేసరికి పండ్లు అందుతాయి. ఎండలు ముదిరి పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. అందుకే ఫిబ్రవరి ఆఖర్లో తీగ కొస తుంచేస్తాను. ఇక కొత్త పూత మీద ఆశ లేదు గనుక ఉన్న కాయలు ఊరతాయి. ఆ రోజుల్లో ఆకులు మాత్రం ఎక్కువ తీయకండి. నీడ పోయి కాయ మీద తెల్లటి బొబ్బలు లేస్తాయి. కాయ అడుగు నల్లబడితే చాలామంది పురుగు అనుకుని మందు కొడతారు. అది ఒకరోజు పోసి రెండ్రోజులు మరిచిపోయే నీళ్ల వల్ల. తడి సమంగా లేకపోతే మొక్కకు సున్నం అందదు.

కొబ్బరి చెట్ల కింద వేసి కాయలేదని నిట్టూర్చేవాళ్లూ ఉన్నారు. టమాటాకు కనీసం 6 గంటల ఎండ కావాలి. పెరట్లో లేకపోతే డాబా మీద రంగు డబ్బాలు చాలు. అడుగున చిల్లులు పెట్టి, మట్టీ, పశువుల ఎరువూ, కడిగిన కొబ్బరి పొట్టూ సమంగా కలపండి. కడగడం ఎందుకంటే పొట్టులో ఉప్పు ఉంటుంది.

తీసేసిన పిలకలు పారేయకండి. జానెడు పొడవున్నదాన్ని అడుగు ఆకులు తీసి, గ్లాసు నీళ్లలో నీడన పెడితే వారం పది రోజులకు వేర్లు వస్తాయి. పక్కింటి వదినకు మరుసటి ఏడు నేనిచ్చినవి ఇలాంటివే, తీగ రకంవి 3. పొద రకంవి 4 తనే వేసుకుంది. గుర్తు కోసం తీగలకు ఎర్ర గుడ్డ పేలిక కట్టుకుంది, అవి మాత్రమే గిల్లింది. ఆ ఏడు మార్చి వరకూ సంతలో టమాటా కొనలేదు. చివరి పచ్చికాయలు నువ్వులేసి పచ్చడి చేసి, ఓ గిన్నెడు మాకూ పంపింది. మొక్కలు పీకేశాక ఆ చోట వంగ, మిరప వద్దన్నాను. అవీ టమాటా చుట్టాలే, ఎండు తెగులు వాటికీ పాకుతుంది. బెండ విత్తనాలు వేసుకుంది.