గదీ పనీ ఒక్కరి చేతిలోనే ఉంటే

మీరు సైట్లో సెంట్రింగు పని చేసో, నాలుగిళ్లలో అంట్లు తోమో కూడబెట్టి, పైన అప్పు కూడా తెచ్చి కొడుకునో కూతురినో అమెరికా చదువుకి పంపిస్తున్నారు. ఫీజు లెక్క, టికెట్ లెక్క అందరూ వేస్తారు. దిగాక ఎక్కడ ఉంటారన్న లెక్క మాత్రం "అక్కడ మనవాళ్లున్నారులే" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్క కూడా వేద్దాం.

వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీ సంగతి తీసుకోండి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉన్న ఊరు. అక్కడా, పక్కనున్న సెంటర్‌విల్, హెర్న్‌డన్, యాష్‌బర్న్‌లలోనూ తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. జార్జ్ మేసన్ యూనివర్సిటీకి సుమారు పది మైళ్లు. కొత్తగా దిగిన పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, క్రెడిట్ స్కోరు ఉండదు. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు హామీదారుని అడుగుతారు. అందుకే చాలామంది తెలిసినవాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో గది వెతుక్కుంటారు. షాంటిలీలో మెట్రో స్టేషన్ లేదు. రాత్రి క్లాసు అయ్యాక ఇంటికి బస్సుందా లేదా అని ముందే చూడకపోతే, అద్దెలో మిగిలింది క్యాబులకే పోతుంది.

చట్టం ఏమంటోంది

వర్జీనియాలో అద్దెకుండేవాళ్లకు ప్రత్యేక చట్టం ఉంది. వీసా మీద వచ్చిన విద్యార్థికీ అది వర్తిస్తుంది.

• డిపాజిట్, అంటే మన అడ్వాన్సు, రెండు నెలల అద్దె దాటకూడదు. అద్దె 700 డాలర్లయితే 1,400 వరకే.

• ఖాళీ చేశాక 45 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. పట్టుకున్నది ఉంటే దేనికెంతో రాసి ఇవ్వాలి.

• చేరిన 5 రోజుల్లో గదిలో ఏ పాడు ఉందో రాసిన కాగితం తయారవ్వాలి. మీ పిల్లలు ఫోనులో ఫొటోలు కూడా తీసి పెట్టుకోవాలి.

• కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం మార్చడం, కరెంటు, నీళ్లు ఆపడం నేరుగా చట్టవిరుద్ధం.

ఒకటి రెండు ఇళ్లే అద్దెకిచ్చే యజమాని అగ్రిమెంటులో రాసుకుని ఈ చట్టం నుంచి తప్పుకోవచ్చు. సంతకానికి ముందు ఆ లైను ఉందేమో వెతకమనండి. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, ఒకరు వెళ్లిపోయినా ఆ అద్దె మిగతా ముగ్గురి మీద పడుతుంది.

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో బంధుత్వం లేనివాళ్లు ఒక ఇంట్లో నలుగురికి మించి ఉండకూడదు. బేస్‌మెంట్‌లో పడకగది ఉంటే, మంటలొచ్చినప్పుడు మనిషి దూరి బయటపడేంత కిటికీ గానీ తలుపు గానీ ఉండాలి. అది లేని గది ఎంత చవకైనా వద్దు.

"అద్దె వద్దు, పిల్లల్ని చూసుకో చాలు"

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఈ మాట దగ్గర. వినడానికి సాయంలాగే ఉంటుంది. లెక్క వేసి చూడండి. రోజుకు 4 గంటల చొప్పున నెలకు 26 రోజులు పిల్లల్ని చూసుకుని, వంట చేస్తే 104 గంటలు. 2025లో వర్జీనియా కనీస వేతనం గంటకు 12.41 డాలర్లు, ఇంటిపనికీ అది వర్తిస్తుంది. మొత్తం 1,290 డాలర్ల పని. గది విలువ 700 అనుకున్నా, నెలకు 590 డాలర్లు ఎదుటివారికే మిగిలాయి.

డబ్బు నష్టంతో పోయేది కాదిది. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి చదువు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. బయట అనుమతి లేకుండా చేయకూడదు. చేతికి డబ్బు రాకపోయినా, పనికి బదులు ఇచ్చిన గది, భోజనం జీతం కిందికే వస్తాయి. తెలిస్తే చదువుకే ఎసరు. పైగా అద్దె కట్టకుండా ఉండేవాళ్లకు పైన చెప్పిన అద్దె చట్టం రక్షణ ఉండదు.

గల్ఫ్ క్యాంపుల్లో ఉన్నవాళ్లకు, యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే అక్కలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పడుకునే చోటూ పనీ ఒక్కరి చేతిలోనే ఉంటే, "ఈ రోజు చేయలేను" అనడానికి నోరు రాదు. అన్నరోజున గది పోతుంది. ఇప్పటికే ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి: వీసా ఏదైనా, చేసిన పనికి జీతం అడిగే హక్కు పోదు. కానీ అడిగేముందు లాయరుతో మాట్లాడాలి.

పంపేముందు

వీడియో కాల్‌లో గది, కిటికీ, బాత్రూమ్ చూడకుండా డబ్బు పంపొద్దు. జెల్‌ (Zelle)లో పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. మొదటి పది, పదిహేను రోజులకు ఉండే చోటు చూసుకుని, అక్కడికెళ్లి కళ్లతో చూశాకే లీజు మీద సంతకం పెట్టమనండి. అద్దె ఎంతైనా బ్యాంకు ద్వారా కట్టాలి, రసీదు ఉంచుకోవాలి. మనవాళ్లే అయినా కాగితం అడగడం తప్పు కాదు.

గొడవొస్తే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కన్జ్యూమర్ అఫైర్స్ విభాగం అద్దె ఫిర్యాదులు తీసుకుంటుంది. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది. ఈ రెండింటి నంబర్లూ విమానం ఎక్కకముందే పిల్లల ఫోనులో ఉండాలి, మీ ఫోనులో కూడా.