మీ ముగ్గే పూజగది తలుపు మీద!

నెలగంట పెట్టిన నాటి నుంచీ బందరు పేటల్లోనూ, గుడివాడ వీధుల్లోనూ వాకిళ్ళు చూసి తీరాల్సిందే. పదిహేను చుక్కల మెలికల ముగ్గుని పుస్తకం చూడకుండా వేసే చెయ్యి మనది. మరి ఇల్లు కట్టుకునేటప్పుడు పూజగది తలుపుకి మాత్రం దుకాణంలో చూపించిన ఫొటోల్లో ఏదో ఒకదాని మీద వేలుపెట్టి "ఇది చేసేయండి" అంటాం. తీరాచూస్తే అదే డిజైను పక్కవీధిలో మరో ఇంట్లోనూ ఉంటుంది! కాస్త ఓపిక చేసుకుంటే మీ ముగ్గునే తలుపు మీదకి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు జాలీ తలుపులు చాలావరకు సీఎన్‌సీ రౌటర్ అనే మెషీన్ మీద కోయిస్తున్నారు. బల్ల మీద చెక్కని బిగిస్తారు. గిర్రున తిరిగే సన్నటి బిట్ కంప్యూటర్ చెప్పిన దారిలో నడుస్తూ కోసుకుపోతుంది. దానికి సొంతబుద్ధి లేదు. గీత ఎలా ఉంటే కోత అలా. కాబట్టి డబ్బు పోసి కొన్న చెక్క పాడవకుండా ఉండాలంటే గీత దగ్గరే జాగ్రత్తపడాలి.

పెడనలో చూడండి

బందరుకి దగ్గర్లోని పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు ముందు డిజైను కాగితం మీద గీసి, టేకు చెక్క మీదకి దించుకుని, ఆ తర్వాతే ఉలి పడతారు. గీతలకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు. కంప్యూటర్‌లోనూ ఇలాగే విడదీయాలి. చెక్కలో ఇవతల్నుంచి అవతలికి కోయాల్సినవి ఒక పొర, పైపైన చెక్కాల్సినవి ఇంకో పొర, తలుపు అంచు వేరే పొర. కలిపేస్తే గాడి పడాల్సిన చోట కన్నం పడుతుంది!

గీయించే ముందు ఇవి గుర్తుంచుకోండి

* ద్వారబంధం నిలబెట్టాకే కొలతలు తీయించండి. పైన, మధ్యలో, కింద మూడుచోట్లా చూడాలి. మనం అంగుళాల్లో చెబుతాం, మెషీన్ లెక్క మిల్లీమీటర్లలో. అంగుళానికి 25.4 మి.మీ. అంటే 30 అంగుళాల తలుపు 762 మి.మీ. అన్నమాట.

* ముగ్గుని గళ్ళ కాగితం మీద చుక్కలు సమంగా పెట్టి వేయండి. దాని ఫొటో ఒక్కటే చాలదు. డిజైను చేసే అబ్బాయి దానిమీద మళ్ళీ గీతలు గీయాలి. ప్రతి గీతా చుట్టూ తిరిగొచ్చి కలవాలి. వెంట్రుకంత సందున్నా ఏది లోపలో ఏది బయటో కంప్యూటర్‌కి తెలియదు.

* అసలు కిటుకు ఇదీ. నేలమీద ముగ్గు గీత తెల్లగా కనిపిస్తుంది. జాలీలో ఆ గీతే చెక్కగా మిగలాలి, మధ్య ఖాళీలు కోసేయాలి. తిరగేసి గీతనే కోసేశారో, మెలిక లోపలి ముక్కలన్నీ ఊడి కిందపడతాయి. 'ఓం' కన్నంగా కోయిస్తే సున్నా మధ్య ముక్కదీ ఇదే గతి. దాన్ని పట్టి ఉంచేందుకు సన్నటి వంతెనలు వదలమనండి. లేదా అక్షరాలు పైపైన చెక్కించండి.

* బిట్ గుండ్రంగా తిరుగుతుంది. 6 మి.మీ. బిట్‌తో కోస్తే లోపలి మూలల్లో 3 మి.మీ. వంపు మిగిలిపోతుంది. అందుకే మెలికల ముగ్గు చక్కగా వస్తుంది, నక్షత్రం మొనలు మొద్దుబారతాయి.

* రెండో రెక్కకి మొదటిదాన్నే అద్దంలోలా తిప్పేస్తారు. తామరపువ్వు అయితే ఫరవాలేదు. 'శ్రీ' అయితే తిరగబడుతుంది!

ఏ చెక్క మంచిది?

దివిసీమలో, బందరు తీరంలో గాలికి తేమ ఎక్కువ. మామూలు ఎండీఎఫ్‌కి నీళ్ళంటే గిట్టదు. కోసిన అంచుల్లోంచి తేమ పీల్చి ఉబ్బుతుంది. జాలీ అంటే అన్నీ అంచులే కదా! అభిషేకం నీళ్ళు, తడిగుడ్డ తగిలేచోట అది వద్దు. పెట్టించక తప్పకపోతే ప్రతి కన్నం లోపలా సీలర్ పూయించండి. టేకు అయితే బాగా ఆరినది చూడండి. చెక్క నారకి అడ్డంగా వచ్చే సన్నటి పట్టీలు పుటుక్కున విరుగుతాయి, అక్కడ ముగ్గు గీత మందంగా ఉంచండి. వానాకాలం టేకు కూడా కాస్త వెడల్పు సాగుతుంది. అందుకే మేస్త్రి జాలీని చట్రం గాడిలో జిగురు పెట్టకుండా, కొద్దిగా వదులుగా కూర్చుతాడు. ఈ విషయంలో ఆయన మాటే వినండి.

డబ్బు ఇచ్చే ముందు

లెక్క చదరపు అడుగుకా, మెషీన్ నడిచిన గంటకా అడగండి. డిజైనుకి వేరే తీసుకుంటారేమో ముందే తేల్చుకోండి. కోతకి ముందు ఒక రెక్కని అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, ద్వారబంధానికి అతికించి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. తప్పు అక్కడ దొరికితే పోయేది కాగితమే. పని పూర్తయ్యాక డిజైను ఫైలు కూడా అడిగి తీసుకుని దాచుకోండి. రేపు అమ్మాయి ఇంటికి అదే ముగ్గు కావాలంటే మళ్ళీ గీయించే ఖర్చు తప్పుతుంది.