రీబ్రీదర్‌కు సొంతంగా ఆక్సిజన్ డిస్‌ప్లే: మిల్లీవోల్టుల నుంచి పాక్షిక పీడనం దాకా

7.1 పరిచయం

సెన్సర్ నుంచి వచ్చే అతి చిన్న వోల్టేజీని ఎలా కొలుస్తారో గత యూనిట్‌లో చూశాం. ఒక మనిషి ప్రాణం ఆ కొలత మీదే ఆధారపడినప్పుడు ఏయే జాగ్రత్తలు అవసరమవుతాయో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం. ఇందుకు నీటి అడుగున వాడే రీబ్రీదర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం.

సాధారణ స్కూబా డైవర్ వీపున ఉన్న సిలిండర్ నుంచి గాలి పీల్చి, వదిలిన గాలిని బుడగల రూపంలో నీటిలోకి విడిచిపెడతాడు. శరీరం వాడుకోని ఆక్సిజన్ ఆ బుడగల్లో ఇంకా చాలా ఉంటుంది. ఈ వృథాను రీబ్రీదర్ అరికడుతుంది. వదిలిన గాలి సోడా సున్నం నింపిన డబ్బా గుండా వెళ్లినప్పుడు కార్బన్ డయాక్సైడ్ తొలగిపోతుంది. శరీరం ఖర్చు చేసినంత ఆక్సిజన్‌ను చిన్న సిలిండర్ నుంచి కలిపితే అదే గాలిని మళ్లీ పీల్చుకోవచ్చు.

ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లో హెన్రీ ఫ్లూస్ 1878లో ఇలాంటి పరికరాన్ని తయారు చేశాడు. 1880లో సెవర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం మునిగిపోయినప్పుడు అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ దానిని ధరించి లోపలికి వెళ్లాడు. అందులో వాడింది ఆక్సిజన్ ఒక్కటే కాబట్టి మిశ్రమాన్ని కొలిచే పని లేదు, కానీ లోతుకు వెళ్లడమూ కుదరదు. లోతుకు వెళ్లాలంటే ఆక్సిజన్‌ను మరో వాయువుతో కలపాలి, కలిపినప్పుడు దాని పాళ్లు తెలియాలి. సెన్సర్లతో ఆక్సిజన్‌ను కొలిచి కలిపే ఎలక్ట్రోలంగ్ అనే పరికరాన్ని వాల్టర్ స్టార్క్, జాన్ కాన్విషర్ 1968లో అమెరికాలో తెచ్చారు. తర్వాతి కాలంలో పాశ్చాత్య దేశాల్లో కొందరు డైవర్లు తమ డిస్‌ప్లేలను తామే అతికించుకోవడం మొదలుపెట్టారు. ఖర్చు తగ్గించుకోవడం ఒక కారణమైతే, కంపెనీ డిస్‌ప్లేకు తోడుగా దానితో సంబంధం లేని ఇంకొకటి ఉండాలన్న కోరిక మరొకటి. రెండో కారణమే బలమైనదని ఈ పాఠం చదివాక మీకే అర్థమవుతుంది.

7.2 డైవర్‌కు ఏ అంకె కావాలి?

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. శరీరానికి మాత్రం శాతంతో పని లేదు, పాక్షిక పీడనంతోనే పని. డాల్టన్ నియమం ప్రకారం మొత్తం పీడనాన్ని ఆక్సిజన్ భిన్నంతో గుణిస్తే అది వస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు పీడనం సుమారు 1 బార్ పెరుగుతుంది. అంటే 20 మీటర్ల లోతున మొత్తం 3 బార్లు.

ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.16 బార్ కంటే తగ్గితే స్పృహ తప్పే ప్రమాదం మొదలవుతుంది. 1.6 బార్ దాటితే మెదడు మీద విషప్రభావం చూపి మూర్ఛ రావచ్చు. నీటి అడుగున మూర్ఛ వస్తే నోటిలోని గొట్టం జారిపోతుంది. చాలామంది డైవర్లు 1.3 బార్ దగ్గర నిలుపుకుంటారు.

ఇక్కడ ఒక శరీరధర్మ విషయం తెలియాలి. ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఆయాసానికి ప్రధాన కారణం పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్. రీబ్రీదర్‌లో సోడా సున్నం దానిని ఎప్పటికప్పుడు తీసేస్తుంది. అందువల్ల ఆక్సిజన్ అడుగంటుతున్నా డైవర్‌కు ఏ ఇబ్బందీ తెలియదు, హాయిగానే ఊపిరి పీలుస్తూ స్పృహ కోల్పోతాడు. ఒక లెక్క చూడండి. 20 మీటర్ల లోతున పాక్షిక పీడనం 0.36 బార్ ఉందనుకుందాం. ఇది శరీరానికి చాలినంతే. కానీ భిన్నం 0.36ను 3తో భాగిస్తే వచ్చే 0.12 మాత్రమే. డైవర్ ఆక్సిజన్ కలపకుండా పైకి వస్తే, ఉపరితలం దగ్గర 0.12 బార్ పీలుస్తుంటాడు. లోతున బాగున్న మనిషి పైకి వచ్చే దారిలో స్పృహ తప్పుతాడు. ముందుగా హెచ్చరించగలిగేది డిస్‌ప్లే ఒక్కటే.

7.3 ఆక్సిజన్ ఘటం

రీబ్రీదర్లలో వాడే సెన్సర్ ఒక గాల్వానిక్ ఘటం. ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చే యంత్రాల్లో, వెంటిలేటర్లలో కూడా ఇదే రకం ఘటాలు చాలాకాలంగా ఉన్నాయి. సీసం ఆనోడ్, బంగారం లేదా వెండి పూసిన కాథోడ్, రెండింటి మధ్య పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ముందు భాగాన పలుచని టెఫ్లాన్ పొర ఉంటాయి. పొర గుండా విసరణ చెంది వచ్చిన ఆక్సిజన్ కాథోడ్ వద్ద నీటితో, ఎలక్ట్రాన్లతో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఇచ్చేది సీసం, ఇస్తూ ఇస్తూ తాను సీసం ఆక్సైడ్ అవుతుంది. పొర దాటే ఆక్సిజన్ దాని పాక్షిక పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి విద్యుత్ ప్రవాహం కూడా అలాగే ఉంటుంది. ఘటం లోపలే ఉన్న నిరోధం, థర్మిస్టర్ కలిసి ఆ ప్రవాహాన్ని వోల్టేజీగా మార్చి, ఉష్ణోగ్రత ప్రభావాన్ని సరిచేస్తాయి. సాధారణంగా కొత్త ఘటం గాలిలో 8 నుంచి 13 మిల్లీవోల్టులు ఇస్తుంది.

ఘటానికి వేరే బ్యాటరీ అక్కర్లేదని గమనించండి. అది తనను తాను తింటూ సంకేతం ఇస్తుంది. సీసం తరిగేకొద్దీ దాని ఆయుష్షు తరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర వాడకం తర్వాత దానిని మార్చడం రివాజు.

7.4 సంకేతాన్ని అంకెగా మార్చడం

మన లెక్కల కోసం, సముద్రమట్టంలో గాలిలో 10.5 మిల్లీవోల్టులు ఇచ్చే ఘటాన్ని తీసుకుందాం. 10.5ను 0.21తో భాగిస్తే బార్‌కు 50 మిల్లీవోల్టులు. అప్పుడు 1.3 బార్‌కు 65, 1.6 బార్‌కు 80 మిల్లీవోల్టులు రావాలి.

అన్నింటికంటే సులువైన డిస్‌ప్లే మార్కెట్లో దొరికే 200 మిల్లీవోల్టుల ప్యానెల్ మీటర్. ఇలాంటి మీటర్లలో చాలావాటిలో ఐసీఎల్7106 చిప్ ఉంటుంది. అది చూపే అతి చిన్న మెట్టు 0.1 మిల్లీవోల్టు. ఘటాన్ని స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఉంచి, వచ్చే 50 మిల్లీవోల్టులను పొటెన్షియోమీటర్‌తో అయిదో వంతుకు, అంటే 10 మిల్లీవోల్టులకు తగ్గించాలి. దశాంశ బిందువును రెండు స్థానాల ముందు వెలిగేలా కలిపితే మీటర్ 1.00 చూపుతుంది. ఇంతే పరికరం. ప్రోగ్రామ్ లేదు, అందువల్ల అది స్తంభించిపోయే భయమూ లేదు. పొటెన్షియోమీటర్ నిరోధం మాత్రం కనీసం 10 కిలోఓమ్‌లు ఉండాలి, లేకపోతే అదే ఘటానికి భారమై వోల్టేజీని పడగొడుతుంది. ఇలాంటి మీటర్లలో చాలావాటికి కొలిచే వలయం, విద్యుత్ ఇచ్చే వలయం ఒకే గ్రౌండ్‌ను పంచుకోకూడదు, అందుకని ప్రతి ఘటానికీ వేరే మీటర్, వేరే 9 వోల్టుల బ్యాటరీ పెట్టాల్సి వస్తుంది. చూడడానికి ఇది అసౌకర్యమే, కానీ ఒక బ్యాటరీ పోతే ఒక్క డిస్‌ప్లే మాత్రమే పోతుంది.

మైక్రోకంట్రోలర్‌తో చేసేవారు ఎక్కువగా పొరపాటు పడే చోటు అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్చే దశ. ఆర్డుయినో ఊనో బోర్డులోని కన్వర్టర్ 10 బిట్లది. 5 వోల్టులను 1024 మెట్లుగా విభజిస్తే ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. మన ఘటానికి అది దాదాపు 0.1 బార్. ఆ మెట్టుతో 1.3కూ 1.4కూ మధ్య ఏముందో తెలియదు. ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్‌ను 0.256 వోల్టుల పరిధిలో వాడితే ఒక్కో మెట్టు 7.8125 మైక్రోవోల్టులు. అంటే 0.01 బార్ తేడాకు 64 మెట్లు దొరుకుతాయి. ఖరీదులో పెద్ద తేడా లేకుండానే కొలత స్వభావమే మారిపోతుంది.

డైవర్ చేతిలోని డిస్‌ప్లేను ఎప్పుడూ చూస్తూ ఉండలేడు కాబట్టి, మాస్కు పక్కన కంటికి కనిపించేలా చిన్న ఎల్‌ఈడీలు పెట్టే పద్ధతి కూడా ఉంది. స్మిదర్స్ కోడ్ అనే సంకేతవిధానంలో 1.0 బార్‌కు ఒక నారింజ మెరుపు, దానికి పైన ప్రతి 0.1కు ఒక ఆకుపచ్చ మెరుపు, కింద ప్రతి 0.1కు ఒక ఎరుపు మెరుపు వస్తాయి. 1.3 అయితే మూడు ఆకుపచ్చ మెరుపులు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత ఉన్నవారికి ఇది పనికిరాదు. తయారు చేసేవారు తమ కళ్లను ముందు పరీక్షించుకోవడం మంచిది.

కాలిబ్రేషన్ ఎక్కడ చేస్తున్నామో కూడా లెక్కలోకి రావాలి. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి పీడనం దాదాపు 0.95 బార్ మాత్రమే. అక్కడి ప్రయోగశాలలో మన ఘటం గాలిలో దాదాపు 10 మిల్లీవోల్టులే ఇస్తుంది. దానిని 0.21 బార్ అని నమోదు చేసి విశాఖపట్నం తీరానికి తీసుకెళ్తే, నిజంగా 1.30 ఉన్నప్పుడు డిస్‌ప్లే సుమారు 1.37 చూపుతుంది.

7.5 అంకె తప్పు చెప్పే సందర్భాలు

డిస్‌ప్లే ఆక్సిజన్‌ను చూడదు, వోల్టేజీనే చూస్తుంది. అందుకని సర్క్యూట్ సరిగ్గా పనిచేస్తూనే తప్పు అంకె చూపవచ్చు. ఆ తప్పు ఏ దిశలో ఉందన్నది ముఖ్యం.

ముసలి ఘటాన్ని తీసుకోండి. గాలిలో 10.5, ఉపరితలం వద్ద ఆక్సిజన్‌లో 50 మిల్లీవోల్టులు చూపుతుంది, కాలిబ్రేషన్ చక్కగా పూర్తవుతుంది. కానీ మిగిలిన సీసం అంతకంటే ఎక్కువ ప్రవాహాన్ని ఇవ్వలేదు. పీడనం ఎంత పెరిగినా సంకేతం 60 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతుంది. దీనిని ప్రవాహ పరిమితి అంటారు. 1.3 కోసం ఎదురుచూసే డైవర్ 1.2 చూసి ఇంకొంత ఆక్సిజన్ కలుపుతాడు. అంకె కదలదు, మళ్లీ కలుపుతాడు. లోపల అసలు పీడనం 1.6 దాటిపోయి ఉండవచ్చు. ఉపరితలం మీద చేసే ఏ కాలిబ్రేషనూ దీన్ని పట్టుకోలేదు. 6 మీటర్ల లోతున శ్వాసవలయాన్ని స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నింపి, అంకె 1.6 దగ్గరకు చేరుతోందా అని చూడడమే దీనికి తగిన పరీక్ష.

ప్యానెల్ మీటర్‌లో బ్యాటరీ నీరసించినప్పుడు జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సరఫరా సుమారు 7 వోల్టుల కంటే తగ్గితే చిప్ లోపలి రిఫరెన్స్ వోల్టేజీ పడిపోతుంది. మీటర్ చూపేది సంకేతానికి, రిఫరెన్స్‌కు మధ్య నిష్పత్తి కాబట్టి, హారం తగ్గి అంకె పెరుగుతుంది. మల్టీమీటర్ వాడిన విద్యార్థులు పాత బ్యాటరీతో కొలతలు ఎక్కువ రావడం గమనించే ఉంటారు. బల్ల మీద అది చిన్న చికాకు. నీటి కింద మాత్రం ఆక్సిజన్ తగ్గుతుండగా చాలినంత ఉందని చెప్పే పరికరం అవుతుంది.

తీగ తెగితే ఏమవుతుంది? ఎక్కువ ఇన్‌పుట్ నిరోధం ఉన్న కన్వర్టర్‌కు తెగిన తీగ గాలిలో వేలాడుతూ ఏదో ఒక వోల్టేజీని మోసుకొస్తుంది, ఒక్కోసారి నమ్మదగిన అంకెలాగే కనిపిస్తుంది. కన్వర్టర్ ఇన్‌పుట్ రెండు కొనల మధ్య 100 కిలోఓమ్‌ల నిరోధం కలిపితే తెగిన తీగ సున్నా చూపుతుంది. సున్నాను ఎవరూ నిజమనుకోరు. ప్రోగ్రామ్ ఆగిపోయి చివరి అంకె తెర మీద అలాగే నిలిచిపోవడం మరో ప్రమాదం. తెర మూలన ప్రతి సెకనుకూ వెలిగి ఆరే చుక్క పెట్టడం, వాచ్‌డాగ్ టైమర్ వాడడం దీనికి మందు. పాక్షిక పీడనంతో పాటు అసలు మిల్లీవోల్టులను కూడా చూపే డిస్‌ప్లే నాకు మేలనిపిస్తుంది. కాలిబ్రేషన్ దాచేసిన వయసు ఆ అంకెలో కనిపిస్తుంది.

సాధారణంగా మూడు ఘటాలు పెట్టి, రెండు ఒకేలా చెప్తే మూడోదాన్ని తోసిపుచ్చుతారు. ఒకేరోజు కొన్న రెండు ఘటాలు ఒకేలా ముసలివైతే ఈ పద్ధతి తలకిందులవుతుంది. రెండూ 1.2 దగ్గర ఆగిపోతాయి, కొత్తగా ఉన్న మూడోది 1.6 అని నిజం చెప్తుంది, మెజారిటీ దాన్ని కొట్టిపారేస్తుంది. అందుకే ఘటాలను వేర్వేరు తేదీల్లో మార్చి, ప్రతిదాని మీద తేదీ రాసేవారున్నారు.

7.6 పెట్టె, తీగలు

40 మీటర్ల లోతున బయటి పీడనం లోపలికంటే 4 బార్లు ఎక్కువ. 5 సెంటీమీటర్ల చదరపు కిటికీ మీద అది 1000 న్యూటన్లు, అంటే దాదాపు 100 కిలోల బరువు. గాలి నిండిన పెట్టెకు మందమైన యాక్రిలిక్, సరైన ఓ-రింగులు కావాలి. ఎపాక్సీ పోసి గట్టిపరిస్తే ఈ సమస్య తగ్గుతుంది, కానీ తర్వాత మరమ్మతు కుదరదు. పెట్టెలో నూనె నింపేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. నూనె కేబుల్ లోపలి తీగల వెంట పాకి శ్వాసవలయంలోకి చేరగలదు, ఆక్సిజన్ ఉన్నచోట నూనె నిప్పుకు కారణమవుతుంది. ఘటం దగ్గరి కనెక్టర్లు తడి ఊపిరిలో, సోడా సున్నం క్షారంలో నానుతుంటాయి కాబట్టి మొదట పాడయ్యేవి అవే.

ఒకే ఘటానికి రెండు డిస్‌ప్లేలు కలిపితే, ఒకదానిలోకి చేరిన ఉప్పునీరు రెండింటి కొలతలనూ చెడగొడుతుంది. ఐరోపాలో అమ్మే రీబ్రీదర్లకు ఈఎన్ 14143 ప్రమాణం ఉంది. ఇంట్లో చేసిన డిస్‌ప్లేకు అలాంటి పరీక్ష ఏదీ జరగదు. మీరు ఈ సర్క్యూట్‌ను కట్టి ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. రీబ్రీదర్ శిక్షణ లేకుండా దానిని నీటిలోకి తీసుకెళ్లకూడదు, శిక్షణ ఉన్నవారికి కూడా అది ఏకైక డిస్‌ప్లే కాకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సముద్రమట్టంలో ఒక ఘటం గాలిలో 9.45 మిల్లీవోల్టులు, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 45 మిల్లీవోల్టులు ఇచ్చింది. 6 మీటర్ల లోతున ఆక్సిజన్‌తో నింపితే 56 మిల్లీవోల్టులు వచ్చాయి. డిస్‌ప్లే ఏ అంకె చూపుతుంది? రావాల్సింది ఎంత? లోపం ఎక్కడుంది?

2. డిస్‌ప్లే 1.10 నుంచి 1.25కు పెరిగింది, డైవర్ ఆక్సిజన్ కలపలేదు, లోతు మారలేదు. సాధ్యమైన కారణాలు రాసి, ఒక్కోదాన్ని నీటి అడుగున ఎలా వేరు చేస్తారో వివరించండి.