ఉత్తర్వు లేని నిషేధం: వ్యంగ్యంపై అపోహలు, వాస్తవాలు

వ్యంగ్యాన్ని ఆపాలంటే సెన్సార్ బోర్డు కత్తెర వేయాలి, లేదా ప్రభుత్వం నిషేధం విధించాలి, ఆ రెండూ లేవంటే భావప్రకటనా స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదని చాలామంది నమ్మకం. ఇది అపోహ. పశ్చిమ బెంగాల్‌లో ‘భొబిష్యొతేర్ భూత్’ సినిమాకు ఏం జరిగిందో చూడండి. అనీక్ దత్తా దయ్యాల కథగా తీసిన ఈ రాజకీయ వ్యంగ్య చిత్రానికి 2018 నవంబరులోనే సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది. తీరా విడుదల దగ్గరపడ్డాక, ముందు మా పై అధికారులకు సినిమా చూపించాలని, లేకుంటే ప్రజల మనోభావాలు దెబ్బతిని శాంతిభద్రతల సమస్య రావచ్చని పోలీసులు నిర్మాతకు చెప్పారు. నిర్మాత ఒప్పుకోలేదు. 2019 ఫిబ్రవరి 15న సినిమా విడుదలైంది. మర్నాటికే చాలా థియేటర్లలో ఆట ఆగిపోయింది. ఎందుకు తీసేశారని అడిగితే పైనుంచి చెప్పారన్న మాటే వినిపించింది. నిషేధపు ఉత్తర్వు మాత్రం ఎక్కడా లేదు. సినిమా చట్టాల కింద తాము ఏ చర్యా తీసుకోలేదని ప్రభుత్వమే సుప్రీంకోర్టులో చెప్పుకుంది. ఏప్రిల్ 11న కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, నిర్మాతలకు 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. కానీ సినిమాకు మొదటి వారమే ప్రాణం. అది పోయాక వచ్చిన పరిహారం ప్రేక్షకులను తిరిగి తీసుకురాదు. కాగితం మీద నిషేధం ఉంటే ఆ సాయంత్రమే కోర్టుకు వెళ్లొచ్చు. నోటిమాటగా సాగే నిషేధాన్ని రుజువు చేయడానికే నెలలు పడతాయి.

చివరికి కోర్టులు వదిలేస్తున్నాయి కదా, ఇక భయమెందుకని అడిగేవాళ్లున్నారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర 2012 ఏప్రిల్‌లో మమతా బెనర్జీ మీద వచ్చిన ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపినందుకు అరెస్టయ్యారు. ఆయనపై మోపిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. అయినా కేసు నుంచి ఆయన బయటపడింది 2023లో. హాస్య కళాకారుడు మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇందౌర్‌లో అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేసరికి నెల దాటిపోయింది. అరెస్టుకు ముందు పాటించాల్సిన నిబంధనలు పాటించలేదన్న వాదనను ఆ బెయిలు ఇస్తూ కోర్టు పరిగణనలోకి తీసుకుంది. ఇక్కడ తీర్పు కోసం ఎదురుచూసేలోపే శిక్ష అమలైపోయింది. దాన్ని చూసిన మిగతా కళాకారులు తమ స్క్రిప్టులో ఏ వాక్యం కొట్టేసుకున్నారో మనకు ఎప్పటికీ తెలియదు. స్వేచ్ఛకు జరిగే అసలు నష్టం ఈ లెక్కకందని చోటే ఉంది.

మనోభావాలు దెబ్బతింటే చాలు, నేరం జరిగినట్టేనన్నది అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ. రాజ్యాంగంలోని 19(2) అధికరణం వాక్‌స్వేచ్ఛకు హద్దులు గీసింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, మర్యాద, పరువునష్టం, నేరానికి పురికొల్పడం వంటివి అందులో ఉన్నాయి. ఒకరి మనసు నొచ్చుకోవడం మాత్రం ఆ జాబితాలో లేదు. మతభావాలను కించపరచడం గురించిన సెక్షన్ కూడా ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసినదాన్నే నేరమంటుంది. మరి జనం రెచ్చిపోతే? బెదిరింపులను అదుపు చేయలేమన్న సాకుతో రాజ్యం భావప్రకటనను అణచకూడదని 1989లో రంగరాజన్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2021 నవంబరులో బెంగళూరు పోలీసులు ఫారూఖీ ప్రదర్శన రద్దు చేసుకొమ్మని నిర్వాహకులకు లేఖ రాశారు. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో, అడ్డుకుంటామన్న హెచ్చరికల నడుమే, పోలీసులు గట్టి బందోబస్తు పెట్టి అదే కళాకారుడి ప్రదర్శన జరిపించారు. ఆ తర్వాత నగరంలో ఉద్రిక్తత రేగిన మాట నిజమే. దానికి కారణం వేదిక మీది జోకు కాదు, ఒక ఎమ్మెల్యే విడుదల చేసిన వీడియో.

బలహీనుల కులాన్నీ, శరీరాన్నీ, యాసనూ ఎగతాళి చేసే హాస్యాన్ని కూడా భరించాలా అన్నది న్యాయమైన ప్రశ్న. అలాంటి హాస్యం నీచమైనది. దాన్ని గట్టిగా విమర్శించాలి, చూడటం మానేయాలి, చట్టం గీసిన హద్దు దాటితే కేసు పెట్టాలి. అయితే పైన చెప్పిన కేసుల్లో సినిమా గానీ కార్టూన్ గానీ గురిపెట్టింది బలహీనులను కాదు, రాజకీయాలను. ఇది ఏదో ఒక పార్టీ జబ్బు కూడా కాదు. ఎమర్జెన్సీలో ‘కిస్సా కుర్సీ కా’ సినిమా ప్రతులను తగలబెట్టింది కాంగ్రెస్ హయాంలో. 2017 ఏప్రిల్‌లో ‘పొలిటికల్ పంచ్’ ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ణి ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేసింది తెలుగుదేశం హయాంలో. అందుకే అడగాల్సింది కొత్త చట్టం కాదు. ఒక ప్రదర్శనను ఆపమని చెప్పే ఏ అధికారి అయినా ఆ మాటను కారణంతో, సెక్షన్ నంబరుతో, తన సంతకంతో కాగితం మీద పెట్టి తీరాలి. ఆ కాగితం నకలు కళాకారుడి చేతికి అదే రోజు అందాలి.