మట్టిని మోసే గోడ: ఇంజనీరును ఎప్పుడు పిలవాలి?

2020 అక్టోబరులో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను దాటి మన సోలాపూర్ జిల్లాను ముంచెత్తింది. అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులోని బండ్లగూడలో ఇళ్లపై గోడ కూలి ప్రాణాలు పోయాయి. మరునాడు పండరీపురంలో, చంద్రభాగ ఒడ్డున కుంభార్ ఘాట్ గోడ కూలి ఆరుగురు మరణించారు. 2024 మే 7న హైదరాబాదు శివారు బాచుపల్లిలో వానకు రిటైనింగ్ వాల్ కూలి, ఒక పసిబిడ్డ సహా ఏడుగురు బలయ్యారు. వారు ఆ గోడ పక్కన నివసిస్తున్న వలస కూలీల కుటుంబాలవారు. గోడ కట్టించేవారు ఒకరు, దాని నీడన బ్రతికేవారు మరొకరు. కాబట్టి దాజీ పేట్ వంటి ఇరుకైన పేటలో ఈ విషయం ఇంటి యజమానికే పరిమితమైనది కాదు.

ప్రహరీ వేరు, రిటైనింగ్ వాల్ వేరు

ప్రహరీ గోడ తన బరువును తాను మోసుకుంటే చాలు. రిటైనింగ్ వాల్ వెనుక ఉన్న మట్టి తోపుడును రాత్రింబవళ్లు ఎదుర్కొంటుంది. వాననీరు ఇంట్లోకి రాకుండా స్థలాన్ని ఎత్తు చేసేటప్పుడు చాలామంది పాత ప్రహరీని ఆనించి మట్టి పోయిస్తారు. ఆ రోజుతో ఆ గోడ పని మారిపోతుంది; దాని మందమూ, పునాదీ మాత్రం మారవు. పలు ప్రమాదాలకు మూలం ఇక్కడే ఉంది.

ఎత్తు, నీరు, నల్లరేగడి

మట్టి లోతు పెరిగేకొద్దీ తోపుడు అంతకు మించి పెరుగుతుంది. మూడు అడుగుల మట్టిని ఆపే గోడను ఆరు అడుగులకు పెంచితే దానిపై తోపుడు నాలుగింతలు, గోడను పడదోసే ప్రభావం ఎనిమిదింతలు అవుతుంది. అందుచేత పాత గోడపై మరి రెండు వరుసల ఇటుకలు పేర్చి మట్టి నింపడం చిన్న పని కాదు.

నీరు చేరితే అపాయం మరింత ఎక్కువ. గోడ వెనుక నీరు నిండా నిలిస్తే మొత్తం తోపుడు రెండింతలు దాటవచ్చు. దీనికి తోడు ఈ ప్రాంతపు నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. మరుసటి వానకు ఆ నెర్రెల గుండా నీరు నేరుగా పునాదికి చేరుతుంది. కనుక గోడ వెనుక నల్లమట్టి నింపరాదు. కంకర, మొరం వాడి, గోడ అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు వదలాలి. ఆ రంధ్రాలను సిమెంటుతో పూడ్చరాదు.

ఇంజనీరు తప్పనిసరి అయిన సందర్భాలు

రెండు మూడు అడుగుల లోపు, పైన ఏ బరువూ లేని గోడను అనుభవం గల మేస్త్రీ కట్టగలడు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా స్ట్రక్చరల్ ఇంజనీరును సంప్రదించాలి.

1. పునాది అడుగు నుండి కొలిస్తే గోడ ఎత్తు నాలుగు అడుగులు దాటినప్పుడు. అనేక దేశాలు అనుసరించే అంతర్జాతీయ భవన నియమావళిలోనూ అనుమతి అవసరానికి ఇదే హద్దు. నల్లరేగడిలో అంతకంటే ముందుగానే అడగడం మేలు.
2. గోడ పైభాగాన ఇల్లు, మగ్గాల షెడ్డు, వాహనాలు తిరిగే దారి లేదా నీటి ట్యాంకు ఉన్నప్పుడు. వెయ్యి లీటర్ల నీరంటే ఒక టన్ను బరువు.
3. గోడ కింద ఎవరైనా నివసిస్తున్నా, పిల్లలు ఆడుకుంటున్నా, బాట ఉన్నా.
4. కొత్త ఇంటి పునాదికై పొరుగువారి గోడ పక్కన తవ్వవలసి వచ్చినప్పుడు.
5. పాత ప్రహరీకి ఆనించి మట్టి నింపదలచినప్పుడు.

ప్రమాద సూచనలు

గుండుదారం వేలాడదీసి చూస్తే గోడ ముందుకు ఒరిగినట్లు తెలిసినా, మధ్యలో ఉబ్బినా, అడ్డంగా పగులు సాగినా, గోడ వెనుక నేల కుంగినా ఆలస్యం చేయరాదు. వాన వెలిశాక రంధ్రాల నుండి నీరు రాకపోవడం కూడా సూచనే: నీరు లోపలే నిలిచి ఉండవచ్చు. పగులుకు సిమెంటు పూస్తే మచ్చ మాత్రమే మాయమవుతుంది, తోపుడు తగ్గదు. ఇంజనీరు వచ్చేవరకు గోడ పక్కన ఎవరూ నిద్రించకుండా, పైన బరువులు పెట్టకుండా చూడండి.

చట్టం ఏమంటుంది?

మహారాష్ట్ర మహానగరపాలికల చట్టం, 1949లోని 264వ సెక్షన్ ప్రకారం, కూలిపోయే స్థితిలో ఉన్న కట్టడాన్ని మరమ్మతు చేయమని లేదా తొలగించమని కమిషనర్ యజమానిని ఆదేశించవచ్చు. అద్దెకు ఉన్నవారూ, పొరుగువారూ జోన్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. గోడ ఫోటోను జతచేసి, ఫిర్యాదు అందినట్లు రసీదు తీసుకోండి.

ఇంజనీరు నుండి నోటిమాటతో సరిపెట్టుకోక సంతకం చేసిన నక్షా తీసుకోండి. అందులో పునాది లోతు, ఇనుము వివరం, నీటి రంధ్రాల స్థానం స్పష్టంగా ఉండాలి. మేస్త్రీ ఆ నక్షా ప్రకారమే కడుతున్నాడా అన్నది పునాది పూడ్చకముందే ఇంజనీరు చేత చూపించండి. పూడ్చిన తరువాత లోపం కంటికి కనబడదు. వాన మాత్రం దానిని వెతికి పట్టుకుంటుంది.